అబ్బాయికి కొలువు చదువు, అమ్మాయికి ఇంటి చదువా?

హైదరాబాదు నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారి పేరుతో బాలికల హైస్కూలు ఉంది. బస్సులోంచి బోర్డు చూసి ‘ఏదో పాత బడి’ అనుకుని వెళ్లిపోతాం. ఆడపిల్లల్ని కన్నవాళ్లం మాత్రం దాని కథ తెలుసుకుని తీరాలి.

1928లో అది మొదలైనప్పుడు నిజాం రాజ్యంలో పెద్ద చదువంటే ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఉర్దూలోనే పాఠాలు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల బళ్లో లెక్కలూ చరిత్రా వేరే భాషలో నేర్చుకోవాలి. మగపిల్లలైతే సర్కారు కొలువు ఆశతో ఎలాగో నెట్టుకొచ్చేవారు. పెళ్లి చేసి పంపేసే పిల్లకి అంత తంటా ఎందుకనే కదా పెద్దవాళ్ల లెక్క! తెలుగులో చెబితేనైనా పంపుతారని మాడపాటి వారూ మిత్రులూ ఈ బడి పెట్టారు. (1951లో హైదరాబాదుకి మొదటి మేయరయిందీ ఆయనే.)

చిన్న తరగతులదాకా సరే. తెలుగులో చదివిన పిల్లకి మెట్రిక్ పరీక్ష పెట్టేదెవరు? ఇక్కడ దారి లేదు. చివరికి ధొండో కేశవ కర్వే 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం ఆదుకుంది. ఆడపిల్లలకి మాతృభాషలోనే చెప్పాలన్నది కర్వే పట్టుదల. అలా హైదరాబాదు పిల్లలు మరాఠీ దేశపు విశ్వవిద్యాలయం కింద తెలుగులో పరీక్ష రాశారు. ఎంత గొప్ప సంగతండీ!

గొప్పే, కానీ నాకో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఆ విశ్వవిద్యాలయానికి చట్టపరమైన గుర్తింపు స్వాతంత్ర్యం వచ్చాకగానీ రాలేదు. మరి అలాంటి సర్టిఫికెట్ కోసం అబ్బాయిని పంపేవాళ్లా? ‘మా అమ్మాయేం ఉద్యోగాలు చెయ్యాలా, ఊళ్లేలాలా’ అనుకున్నవాళ్లే ధైర్యంగా పంపి ఉంటారు. బడి పెట్టినవాళ్లది తప్పని అనను. వాళ్లు తెరవకపోతే ఆ కాస్త తలుపూ తెరుచుకునేది కాదు. ఆడపిల్ల చదువుని అక్కరకి రాని చదువుగా చూసిన ఇళ్లమీదే నా కోపం.

ఆ చూపు ఇంకా పోలేదు. ఒకే ఇంట్లో బాబు వేలకి వేలు కట్టే కాన్వెంటుకి, పాప నడిచి వెళ్లే సర్కారు బడికి. అడిగితే ‘మాతృభాష మంచిది కదా’ అనేవారు. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్లలోనూ ఇంగ్లీషు మీడియం తీసుకొచ్చారు కాబట్టి ఆ సాకు కూడా లేదు. అయినా ఫీజు కట్టేది బాబుకే!

తెలుగు మంచిదనుకుంటే ఇద్దరికీ చెప్పించండి, ఇంగ్లీషు కావాలంటే ఇద్దరికీ కావాలి. జూన్‌లో ఫీజుల డబ్బు లెక్క చూసుకునేటప్పుడు ఎవరి పేరున ఎంత రాస్తున్నారో మీ ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి చూడండి.