వెలుగులోని ఒంటరితనం

చలనచిత్రంలో ఒంటరితనాన్ని చూపవలసి వచ్చినప్పుడు దర్శకులు సాధారణంగా రెండు పనులు చేస్తారు. దీపం తగ్గిస్తారు, వాయులీనం హెచ్చిస్తారు. చీకటిగదిలో తల వంచుకొని కూర్చున్న మనిషి, వాని వెనుక విలపించే తీగలు ఉంటే చాలునని వారి నమ్మకం. కాని చీకటిలో ఏమీ కనబడదు. పక్కన ఎవరూ లేరన్న సంగతి కూడ కనబడదు. మనిషి ఏకాకి అని తెలియడానికి వెలుగే కావలె. ఈ మర్మం ఎరిగిన మన దేశపు దర్శకులలో గురుదత్ అగ్రగణ్యుడని నా అభిప్రాయం. 1959లో వచ్చిన ‘కాగజ్ కే ఫూల్’ అందుకు సాక్ష్యం.

కథానాయకుడు సురేష్ సిన్హా సినిమా దర్శకుడు, భార్యకు దూరమైనవాడు. ఆ పాత్రను గురుదత్ తానే ధరించినాడు. సురేష్ తారగా తీర్చిదిద్దిన యువతి శాంతి. ఆ పాత్రధారిణి వహీదా రెహమాన్‌ను తెలుగువారు 1955లోనే ‘రోజులు మారాయి’లో చూచినారు. సురేష్‌కు, శాంతికి పరస్పరం అనురాగం కలిగినది. దానికి లోకంలో చోటు లేదు.

నిర్జనమైన స్టూడియోలో వారిద్దరూ ఎడమెడముగా నిలిచి ఉంటారు. పైనుండి ఒక కాంతిపుంజం ఏటవాలుగా నేలకు దిగుతుంది. ఛాయాగ్రాహకుడు వి. కె. మూర్తి దానికి దీపాలను నమ్ముకొనలేదు. బయటి ఎండను పెద్ద అద్దాలతో లోనికి మళ్ళించినాడు. వారి ఛాయారూపాలు దేహాలను విడిచి ఆ వెలుగులో కలిసికొంటాయి. దేహాలు ఉన్నచోటనే ఉండిపోతాయి. ఇద్దరి నడుమ ఉన్న దూరాన్ని కొలిచి చూపినది ఆ వెలుగే. మన దేశంలో సినిమాస్కోప్‌లో తీసిన తొలి చిత్రమిది. విశాలమైన ఆ తెరను హంగులతో నింపక, మనుషులకు ఇరువైపులా శూన్యాన్ని మిగల్చడం గురుదత్ వివేకం.

ఇక సంగీతం. కైఫీ ఆజ్మీ రచనకు ఎస్. డి. బర్మన్ స్వరం కూర్చగా గీతాదత్ పాడినది. తెరమీద ఎవరి పెదవీ కదలదు. మన చిత్రాలలో పాట పాత్రల నోట పలకడం ఆచారం. ఇక్కడ ఆ నోళ్ళు మూతబడినవి. చెప్పుకొనలేని మాటను మరొక గొంతు ఎక్కడినుండియో చెబుతున్నది. ఆ పాట వినబడుతున్న కొలదీ వారి మౌనం మరింత బరువెక్కుతుంది.

ఈ కాంతిపుంజం ఆడంబరమని, దృశ్యం కథను మింగివేసినదని ఆక్షేపించేవారు లేకపోలేదు. వేరొక కథలో ఐతే నేనూ ఒప్పుకొందును. ఇక్కడ కథ జరిగేది స్టూడియోలో. నాయకుని వృత్తియే వెలుగుతో చేసే పని. తన జీవితమంతా ఇతరుల ముఖాలమీద వెలుగు ప్రసరింపజేసిన మనిషికి ఒంటరితనం కూడ వెలుగు రూపంలోనే ఎదురుపడడం న్యాయం. కడపట సర్వం కోల్పోయి, ముదుసలియై వచ్చిన సురేష్ అదే స్టూడియోలో, దర్శకుని కుర్చీలోనే కన్నుమూస్తాడు. తెల్లవారుతుంది, పనివారు వస్తారు. వెలుగు ఎవరికోసమూ ఆగదు.

నాటి ప్రేక్షకులు ఈ చిత్రాన్ని తిరస్కరించినారు. అటుపిమ్మట గురుదత్ చిత్రాలు నిర్మించినాడు, నటించినాడు గాని, 1964లో మరణించువరకు దర్శకుడుగా తన పేరు వేసికొనలేదు. మూర్తికి 2008వ సంవత్సరపు ఫాల్కే పురస్కారం లభించినది. ఆ గౌరవం పొందిన మొదటి ఛాయాగ్రాహకుడు ఆయనే.

నేటి దర్శకునికి దీపాలకు కొదువ లేదు, వాద్యాలకు కొదువ లేదు. ఏకాంత ఘట్టం తీయబోయేముందు రెండు ప్రశ్నలు వేసికొంటే చాలును: ఈ వెలుగు ఎక్కడినుండి వస్తున్నది? ఈ పాటను ఎవరు పాడలేకపోతున్నారు? వీనికి సమాధానం దొరకనప్పుడు చీకటి, వాయులీనం ఆ లోటును కప్పిపుచ్చగలవు గాని పూడ్చలేవు.