ప్లగ్గు విప్పని ఇంజనీర్లం

మాది కోరుట్ల దగ్గర పల్లె. ఎరువు బస్తాలు మోసే మా పాత టూ స్ట్రోక్ మోపెడ్ మొన్న జగిత్యాల రోడ్డు మీద ఆగిపోయింది. నేను కిక్కు మీద కిక్కు కొట్టి, ఇక లాభం లేదని యూట్యూబ్ తెరిచాను.

బాపు ప్లగ్గు విప్పి చూసిండు. కొన నల్లగా, తడిగా ఉంది. "పెట్రోల్ వస్తుంది, కార్బొరేటర్ ముట్టకు" అన్నడు. మసి గీకి, తుడిచి బిగిస్తే బండి స్టార్టయింది. అయినా వదల్లేదు. "ఆయిల్ ఎంత పోసినవ్ రా?"

పోసింది నేనే. ఎక్కువ పోస్తే ఇంజన్‌కు మంచిదే అనుకున్నా. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌తో కలిసి లోపలికెళ్లి కాలుతుంది. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గుకు మసి పడుతుంది. మా బండికి లీటరుకు 20 మి.లీ. చాలు.

దీన్నే మనం డీబగ్గింగ్ అంటాం. కానీ ఎర్రర్ రాగానే ఐదు లైన్లు ఒకేసారి మారుస్తాం. రన్ అయితే చాలు, ఎందుకు అయిందో అడగం. బాపు గుర్తు చూసి సగం కారణాలు కొట్టేసిండు, ఒక్కటే సరిచేసిండు, తర్వాత మూలం వెతికిండు. సిరిసిల్లలో సాంచా ఆగితే కూలీ కూడా ఆగుతుంది, నేసిన మీటర్లకే పైసలు కాబట్టి. మన ల్యాబ్‌లో పోయేది మార్కులే. అందుకే మనకు ఆ అలవాటు రాలేదని నా అభిప్రాయం.

ఈ సెలవుల్లో, ఇంజన్ చల్లారాక, ఇంటి బండి ప్లగ్గు ఒకసారి విప్పండి. కొన లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టే. నల్లగా ఉంటే వెంటనే కొత్తది కొనకండి. ఎందుకు నల్లబడిందో ముందు అడగండి.