ఆరోగ్య విషయములు: మగవారిలో దాఁగియుండు క్లమీడియా

సోదరీమణులారా! చెప్పుటకు సంకోచము గలిగినను, దాఁచినచో కీడు మనకే గనుక క్లమీడియానుగూర్చి వ్రాయుచున్నాము.

అమెరికాలో పెక్కుమంది యువకులు మూత్రమున మంట కలిగినప్పుడు ఆసుపత్రి అత్యవసర విభాగమునకే పోవుదురు. 25 ఏండ్లలోపు ప్రాయము, క్రొత్త లేక పెక్కు సంబంధములు, తొడుగు వాడకుండుట, పూర్వము సుఖవ్యాధి సోఁకియుండుట, వీనిని వైద్యులు ముఖ్యముగా విచారింతురు. అయినను పెక్కుమంది పురుషులకు ఏ బాధయు నుండదు. మూత్రపరీక్షయే వ్యాధిని బయటఁబెట్టును. ఫలితము వచ్చుసరికి రోగి యిల్లు చేరియుండవచ్చును. ఇల్లాలి కా మాట తెలియకపోవచ్చును.

ఆమెకు సోఁకి చికిత్స లేకున్న గర్భనాళములు చెడి సంతానము కలుగకపోవచ్చును. అట్టియెడ గొడ్రాలను నింద ఆమెకేల? వైద్యుఁడు చెప్పినట్లు డాక్సీసైక్లిన్ 7 దినములు వాడిన సాధారణముగా నయమగును. గర్భవతులకు వేఱు మందు కలదు. ఒకరే పుచ్చుకొన్న వ్యాధి మరల సోఁకవచ్చును. కావున దంపతు లిరువురును చికిత్స పొందవలెనని మా మనవి.