మాస్టారి మాటలు: చూసింది రాయండి

పిల్లలూ! పరీక్ష అనగానే మీకు ప్రశ్నపత్రమూ, మార్కులూ గుర్తుకు వస్తాయి గదా? మరి మీ ఇంట్లో నాలుగేళ్ళ చెల్లాయి వున్నదనుకోండి. చదవటం రాదు, రాయటం రాదు. తనకు ఏమి తెలుసో మనకు తెలిసేదెట్లా?

మా బహదూర్‌పల్లిలో కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. దగ్గరలోనే జీడిమెట్ల కార్ఖానాలున్నాయి. పనికోసం ఎక్కడెక్కడినుంచో కుటుంబాలు వస్తాయి. అట్లా వచ్చినవారి పిల్ల ఒకతె అంగన్‌వాడీలో చేరిందనుకుందాం. ఇంట్లో మాట్లాడేది ఒడియా. "ఒకటి, రెండు చెప్పమ్మా" అంటే నోరు విప్పదు. "లెక్క రాదు" అని రాసేస్తే టీచరు పని తీరిపోతుంది! కాని ఆ టీచరు తొందరపడక, పిల్ల ఆడుకునేటప్పుడు గమనించింది. పిల్ల చింతగింజలు తెచ్చి నలుగురికీ తలా మూడు పంచింది. ఒకడి చేతిలో రెండే పడ్డాయి. వెంటనే తన వాటాలోంచి ఒకటి తీసి వాడికిచ్చింది. ఇప్పుడు చెప్పండి, లెక్క రాదా? లెక్క వచ్చు, తెలుగు రాదు. టీచరు నేర్పవలసింది ఆ అంకెల పేర్లే.

ఇట్లా గమనించటంలో గొప్ప పేరు పొందినావిడ ఇటలీ దేశపు డాక్టరు మరియా మాంటిసోరీ. 1907లో ఆవిడ రోము నగరంలో, పేదవాళ్ళ పేటలో చిన్నపిల్లలకు బడి తెరిచింది. ఒకనాడు సుమారు మూడేళ్ళ పిల్ల కొయ్య దిమ్మెలను వాటికి సరిపోయే గుంటలలో అమరుస్తున్నది. అమర్చటం, తీయటం, మళ్ళీ అమర్చటం! మాంటిసోరీ లెక్కపెడుతూ కూర్చున్నది. మిగతా పిల్లలచేత పాటలు పాడించింది. పిల్ల తల ఎత్తలేదు. కుర్చీతో సహా పిల్లను ఎత్తి బల్లమీద పెట్టింది. పిల్ల దిమ్మెలను ఒళ్ళో వేసుకుని, అక్కడా అదే పని! 40 సార్లు దాటిన తరవాత తనంతట తానే ఆపి, నిద్ర లేచినదానిలా చుట్టూ చూసి నవ్వింది. పసిపిల్లలకు నిలకడ వుండదంటారే, మరి ఇదేమిటి? ఈ మాంటిసోరీయే 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చింది.

2022లో మన దేశంలో చిన్నపిల్లల చదువుకు జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం వెలువడింది. 3 నుంచి 6 ఏళ్ళవారికి పరీక్షలు ఎంతమాత్రం తగవనీ, చూసి తెలుసుకోవాలనీ అందులో వున్నది. అంగన్‌వాడీలో పిల్లల బరువు తూచి పటంలో చుక్క పెట్టటం మీరు చూసే వుంటారు. అక్కడ ఎవరూ "ఫేలయ్యావు" అనరు. గీత పైకి పోతున్నదా, ఆగిందా అని చూస్తారు. ఆగితే తిండి సంగతి విచారిస్తారు. చదువుకూ అట్లాంటి గీత కావాలన్నమాట.

తల్లిదండ్రులకొక మాట. "మొద్దు", "మొండి" అనేవి మనం పెట్టిన పేర్లు. "వెనకనుంచి పిలిస్తే పలకలేదు, ఎదుట నిలిచి పిలిస్తే పలికాడు." ఇదీ చూసింది! నాలుగు రోజులు ఇదే రాయవలసి వస్తే, పిల్లవాణ్ణి కోప్పడక చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఆలస్యం చేయవద్దు, వినపడనివాడికి మాటలు వచ్చేదెట్లా?

పిల్లలూ, ఈ ఆదివారం మీ తమ్ముడో చెల్లెలో ఆడుకుంటూంటే 10 నిమిషాలు దూరంగా కూర్చుని చూడండి. సాయం చేయరాదు, మాట్లాడరాదు (మీకు ఇది కష్టమే!). ఏమి పట్టుకున్నారు, ఎన్నిసార్లు ప్రయత్నించారు, ఏ మాట అన్నారు—తేదీ వేసి రాయండి. నెల తిరిగాక అట్లాగే మరొకటి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అమ్మకు చూపించండి.