ఆ కోట కథ రాసింది ఎవరు?

చరిత్ర పాఠంలో ఏ కోట పేరు వచ్చినా మేము గుర్తు పెట్టుకునేవి రెండే: ఎవరు గెలిచారు, ఏ సంవత్సరంలో. పరీక్షలో అడిగేవీ అవే. మూడో ప్రశ్న కూడా ఉండాలని మా అభిప్రాయం: ఆ సంగతి రాసింది ఎవరు?

ఈ ప్రశ్న ఎంత అవసరమో ఎస్టోనియాలోని ఓటెపా కోట చెబుతుంది. ఎస్టోనియా బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం. దాని దక్షిణ భాగంలో, ఓటెపా ఊరి పక్కన ఒక కొండ ఉంది. ఓటెపా అంటే ‘ఎలుగుబంటి తల’. ఆ కొండ మీద అక్కడి ప్రజలు మట్టితో, దుంగలతో కోట కట్టుకున్నారు.

ఆ కోట పేరు మొదట కనిపించేది రష్యన్ల పాత గ్రంథంలో. 1116లో నొవ్‌గొరొద్ రాజు మ్స్తిస్లావ్ దాన్ని పట్టుకున్నాడని అందులో ఉంది. తర్వాత జర్మన్ క్రూసేడర్లు వచ్చారు. వాళ్ల దండయాత్రల కథ రాసిన హెన్రీ అనే మతగురువు వాళ్ల పక్షంవాడే. 1224లో బిషప్ హెర్మన్ ఆ కొండ మీదే కొత్త కోట కట్టించాడు. పాత కోటవాళ్లు తమ మాటగా రాసిపెట్టింది మాత్రం ఏమీ లేదు.

అలాగని హెన్రీ గ్రంథాన్ని పక్కన పడేయమని మేము అనడం లేదు. 1217 ముట్టడిలో కోట లోపల జర్మన్లతో పాటు ఎస్టోనియన్లు ఉన్నారనీ, బయట రష్యన్లతో పాటు వేరే ప్రాంతాల ఎస్టోనియన్లు ఉన్నారనీ చెప్పింది ఆయనే. అయితే ఆయన మాట ఒక్కటే చాలదు. కొండను తవ్వి చూస్తే, 1116కు కొన్ని వందల ఏళ్ల ముందే అక్కడ మనుషులు నివసించారని తేలింది. శత్రువు రాసిన రోజున కోట పుట్టలేదు కదా!

1884 జూన్ 4న అదే ఓటెపాలో, ఎస్టోనియన్ విద్యార్థులు తమ సంఘం కోసం చేయించుకున్న నీలం, నలుపు, తెలుపు జెండాను ప్రార్థనలతో ప్రతిష్ఠించారు. తర్వాత అదే జాతీయ పతాకం అయింది. సోవియట్ పాలనలో నిషేధానికి గురై, 1989 ఫిబ్రవరి 24న రాజధాని టాలిన్‌లో మళ్లీ ఎగిరింది. ఈసారి తమ గుర్తును వాళ్లే ఎంచుకున్నారు. అలా ఎంచుకున్నవాళ్లు రాజులు కాదు, మనలాంటి విద్యార్థులు.

అందుకే మిత్రులారా, ఇకపై పుస్తకంలో ఒక యుద్ధం, ఒక తేదీ కనబడితే, పక్కన పెన్సిల్‌తో ఒక్క మాట రాసుకుందాం: ‘ఇది ఎవరు చెప్పారు?’ ఆ ప్రశ్నకు మార్కులు రాకపోవచ్చు. కానీ ఓడిపోయినవాళ్లను మరిచిపోకుండా చరిత్ర చదవడం మనకు వస్తుంది.