మగ్గము బిచ్చ మడుగుచున్నదా?

మగ్గమునకు కాలము చెల్లినదనియు, నేతగానికి సర్కారు చేయు సాయము దయాకార్యమే గాని రాజ్యకార్యము కాదనియు వాదించువారు మన ఆదవాని పఠనమందిరములందును గలరు. ఆ వాదము నిలువదని మేము రూఢిగా చెప్పుచున్నాము. సాక్ష్యమును చీనా దేశమునుండి తెచ్చుచున్నాము.

చీనా లిపిలో 'జింగ్' అను ప్రాచీనాక్షరము గలదు. దాని యెడమపాలు పట్టుపోగును, కుడిపాలు మగ్గముపై సాచిన దారములను సూచించునని పండితులు చెప్పుదురు. మొదటి యర్థము పడుగు. పేక అటునిటు తిరుగును; పడుగు కదలక నిలిచి బట్టనంతయు మోయును. అందుచే ఆ జనులు తరతరములు నిలుచు గ్రంథమునకు ఆ యక్షరమునే పేరిడిరి. బౌద్ధ సూత్రములను తమ భాషలోనికి తెచ్చుకొన్నప్పుడు సూత్రమునకును అదియే పేరాయెను. నేడు ఆర్థికవ్యవస్థ యను వారి మాటకును అదియే తొలి యక్షరము.

మన మాటలును ఆ దారినే నడచినవి. సూత్రమనగా దారము. తంత్రమనగా మగ్గము, పడుగు. పిదప శాస్త్రము, పరిపాలనము. తన తంత్రము తన చేతనున్నవాడు స్వతంత్రుడు. స్వాతంత్ర్యమను మాటలోనే మగ్గముండగా మగ్గము రాజ్యకార్యము కాదనుట యెట్లు?

ఎమ్మిగనూరు దీని నెఱుగును. 1938లో మాచాని సోమప్పగారు అచట నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. అది బిచ్చము కాదు, స్వతంత్రత. 1985లో పార్లమెంటు కొన్ని రకముల వస్త్రములను చేమగ్గమునకే ప్రత్యేకించుచు శాసనము చేసెను. 22 రకములుండగా 1996లో 11కు కుదించిరి. అఖిల భారత చేనేత మండలిని 2020లో రద్దుచేసిరి. 1905 నాటి స్వదేశీ యుద్యమ స్మరణార్థము 2015 నుండి ఆగస్టు 7వ తేదీన చేనేత దినము మాత్రము జరుపుచున్నారు! పడుగు కోసి పండుగ చేయుట యన నిదియే.

మరబట్ట చౌక యందురు. కావచ్చును. కాని చేమగ్గమునకు ప్రత్యేకించిన రకమును మరపై నేసి చేనేత యని అమ్ముట చౌక కాదు, మోసము; శాసనోల్లంఘనము.

మేము కోరునవి రెండే. మిగిలిన 11 రకముల విషయమున శాసనమును అధికారులు అమలుపరచవలెను. చదువరులు అంగడిలో బట్ట పుచ్చుకొనుటకు ముందు అది ఏ మగ్గముపై నేసినదో అడుగవలెను. ఎమ్మిగనూరు మగ్గము మనలను బిచ్చ మడుగుటలేదు. న్యాయ మడుగుచున్నది.