వాయిదా కాదు, ఫైస్లా కావాలి

సాఫ్ట్‌వేర్ పిల్లలు లేని ఖాందాన్ ఇప్పుడు మనలో తక్కువే. వాళ్లలో కొందరు జీతం పని అయ్యాక రాత్రిళ్లు ఇంకో పని చేస్తుంటారు. ఎవరైనా వాడుకోగల, ఎవరైనా బాగుచేయగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్యాచ్‌లు రాసి పంపుతారు. ప్యాచ్ అంటే పైవందే, చిరిగినచోట వేసే మాసిక. ఒక్కోసారి కొత్త జేబు కూడా. పైసా ఆశించని ఖిద్మత్ అది. రాసేవాళ్లకు కొదవ లేదు. రాసింది చూసి అవును, కాదు అని చెప్పేవాళ్లే దొరకరు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ను తీసుకోండి. అక్కడ 2008 నుంచి కమిట్‌ఫెస్ట్ అనే ఇంతెజామ్ ఉంది. ఇటీవలి ఏళ్లలో జూలై, సెప్టెంబర్, నవంబర్, జనవరి, మార్చి నెలల్లో జరుగుతోంది. ఆ నెలల్లో కొత్తది రాయడం తగ్గించి, ఇతరులు పంపిన ప్యాచ్‌లు చూడాలి. ఒక ప్యాచ్ పంపినవాళ్లు అంతే బరువున్న ఇంకొకరి ప్యాచ్‌ను పరిశీలించాలన్నది కాయిదా. ఇంత ఇన్సాఫ్ ఉన్న కాయిదా నేను వేరేచోట పెద్దగా చూడలేదు.

కానీ కాయిదా కాగితం మీద ఒకటి, అమల్లో ఒకటి. ఒక్కో ఫెస్ట్‌లో వందల ప్యాచ్‌లు చేరతాయి. తేలనివాటిని తర్వాతి ఫెస్ట్‌కు జరుపుతారు, కోర్టులో తారీఖులు పడ్డట్టు. ఫెస్ట్ నడిపే మేనేజర్ కూడా వాలంటీరే. అందరికీ గుర్తుచేస్తూ, బతిమాలుతూ తిరగడమే ఆయన పని.

నిజానికి అక్కడ 'సలహాతో వాపస్' అనే దర్జా ఒకటి ఉంది. ఇక్కడ లోపం ఉంది, సరిచేసుకుని రండి అని చెప్పి పంపేయడం. దాన్ని ఇంకా ధైర్యంగా వాడాలంటాను. వాడనివ్వంది మురవ్వత్. పాపం ఇంత మెహనత్ చేశాడు, ముఖం మీద కాదని ఎట్లా అంటాం అని జరిపేస్తారు. ఆ మురవ్వతే జుల్మ్ అవుతుంది. నాకు తెలిసిన ఒక అమ్మాయి వేరే ప్రాజెక్టుకు ప్యాచ్ పంపి ఏడాది ఇంతెజార్ చేసింది. ఈలోపు అసలు కోడ్ మారిపోతుంటే మూడుసార్లు తన ప్యాచ్‌ను దానికి సరిపెట్టి మళ్లీ పంపింది. బాగోలేదని కూడా ఎవరూ అనలేదు. ఇప్పుడు ఆమె ఎక్కడికీ ఏమీ పంపదు.

ఇది మనసు నొచ్చుకోవడంతో ఆగే సంగతి కాదు. లైనక్స్ యంత్రాల్లో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఏళ్లపాటు దాదాపు ఒక్కడే మోశాడు. 2022లో ప్యాచ్‌లు ఆలస్యమవుతున్నాయని, ఇంకొకరికి అప్పగించమని ఆయన మీద కొన్ని పేర్లతో ఒత్తిడి వచ్చింది. అలసిన మనిషి, సాయానికి వచ్చినవాడిని నమ్మాడు. 2024లో ఆ సాయం చేసిన చేతి నుంచే దొంగదారి బయటపడింది. దాన్ని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రోయిండ్ పోస్ట్‌గ్రెస్ డెవలపరే. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆయనకు షక్ వచ్చింది. పరిశీలించే కళ్లు అట్లా ఉండాలి. కానీ ప్రపంచం అదృష్టవశాత్తూ ఒక మనిషి షక్ మీద బతకకూడదు.

మరి ఏం చేయాలి? రెండు ఫెస్టులు దాటినా ఎవరూ పట్టించుకోని ప్యాచ్‌కు మూడోసారి తారీఖు ఇవ్వకుండా, కారణం రాసి వాపస్ పంపాలి. వరసగా పంపుతూ ఎవరిదీ చూడనివాళ్ల ప్యాచ్‌లు వరుసలో వెనక్కి పోవాలి. మొదటిసారి వచ్చినవాళ్లకు మాత్రం మాఫీ. ఇజ్జత్ సంగతీ ఉంది. పోస్ట్‌గ్రెస్ విడుదల పత్రంలో కొత్త సదుపాయం పక్కన రాసినవాళ్ల పేరుంటుంది, చూసినవాళ్ల పేరు చివరి పెద్ద జాబితాలో కలిసిపోతుంది. ఇద్దరినీ పక్కపక్కన పెడితే పోయేదేముంది? ఈ సాఫ్ట్‌వేర్‌తో కోట్లు సంపాదించే కంపెనీలు ఉద్యోగి పని గంటల్లోనే రివ్యూకు టైమ్ ఇవ్వాలి. రాత్రి పదకొండు తర్వాత మిగిలిన ఓపికతో అది జరగదు.

మీ ఇంట్లో కంప్యూటర్ చదివే పిల్లలుంటే ఒక మాట. రివ్యూకు ఉస్తాద్ అయి ఉండక్కర్లేదు. ప్యాచ్ అతుకుతోందా, టెస్టులు పాసవుతున్నాయా, పక్కన రాసిన వివరణ అర్థమవుతోందా అని చూసి చెప్పినా ఒకరి భారం తగ్గుతుంది. జూలై ఫెస్ట్ జాబితా తెరిచి, ఎవరూ ముట్టని చిన్న ప్యాచ్ ఒకటి ఎంచుకోమనండి.